పద్దునకెక్కిన ఆట

గెలుపోటముల వార్త పత్రికలో నొక పంక్తితో ముగియును. ఆ గెలుపునకై యెవరెంత పాటుపడిరో తెలుపునది ఆటస్థలము ప్రక్కనున్న బల్లపై తయారగు లెక్కల పత్రము. అమెరికా మహిళల జాతీయ బాస్కెట్‌బాల్ జట్టు చరిత్రమును చదువుచుండగా మాకీ విషయము మనసునకు పట్టినది.

ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు బాస్కెట్‌బాల్ పోటీ 1976లో మాంట్రియల్ నగరమున మొదలయ్యెను. అందు తొలి బుట్ట వేసినది మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి వనిత లూసియా హారిస్. నాడు అమెరికా జట్టునకు దక్కినది రజతమే. అయినను ఆ తొలి బుట్ట ఆమెదని నేటికిని చెప్పుకొనుచున్నామన్నచో, నాటి లెక్క వ్రాసినవారి చలువయే గదా!

ఈ లెక్క వ్రాయుట సులభమని తలంపరాదు. ఒకరు కన్నార్పక ఆటను చూచుచు, క్రీడాకారిణి సంఖ్యను, ఆమె చేసిన పనిని బిగ్గరగా చెప్పుదురు. వేరొకరు వెంటనే నమోదు చేయుదురు. పడిన బుట్టలే గాక తప్పినవియు, తిరిగివచ్చిన బంతిని పట్టుటయు, తోడివారికి బంతి నందించి బుట్ట వేయించుటయు, బంతిని పోగొట్టుకొనుటయు, ఫౌళ్లును వ్రాయవలెను. ఆట ముగిసిన పిమ్మట ఒక్కొక్కరి పాయింట్లను కూడగా వచ్చిన మొత్తము జట్టు పాయింట్లతో సరిపోవలెను. సరిపోనిచో, ఇంటి పద్దులో తేడా వచ్చినప్పుడు మనము చేయునట్లే, మొదటినుండి వెదకవలసినదే.

పలు సంవత్సరముల పత్రములను ఒకచోట కూర్చుట మరింత కష్టము. దూరపు గీత వెలుపలనుండి వేసిన బుట్టకు మూడు పాయింట్లిచ్చు పద్ధతి 1976లో లేదు. ఒలింపిక్సులో 1988నుండి వచ్చినది. ఆ భేదమును తెలుపక నాటివారిని నేటివారితో పోల్చుట అన్యాయము. స్త్రీల విషయమున మరియొక చిక్కు కలదు. వివాహానంతరము పేరు మారును. 1976 జట్టులోని యాన్ మేయర్స్ తరువాత యాన్ మేయర్స్ డ్రైస్‌డేల్ అయినది. రెండు పేర్లును ఒక్కరివేయని గుర్తింపనిచో, ఒక వనిత కృషి రెండు ముక్కలగును.

వ్రాసిన లెక్కయు నొక్కొకప్పుడు మరుగుపడును. లినెట్ వుడర్డ్ 1977నుండి 1981వరకు కన్సాస్ విశ్వవిద్యాలయము పక్షమున 3,649 పాయింట్లు సాధించెను. నాడు కళాశాల స్త్రీల క్రీడలను వేరొక సంఘము నడపుచుండెను. 1981-82లో కొత్త సంస్థ స్త్రీల పోటీలను చేపట్టగా, పాత లెక్క దాని గ్రంథమున చేరక చిరకాలము వేరుగా నుండిపోయెను. ఆమె 1984లో లాస్ ఏంజెలిస్‌నందు స్వర్ణము గెలిచిన జాతీయ జట్టులోను ఆడినది. 2024 ఫిబ్రవరిలో కెయిట్లిన్ క్లార్క్ ఆ సంఖ్యను దాటినప్పుడు గాని పెక్కుమందికి వుడర్డ్ పేరు వినబడలేదు.

సోదరీమణులారా! మన బాలికల పాఠశాలలలోను ఆటలు జరుగుచున్నవి. అచ్చట లెక్క వ్రాయు పని మీకు దొరికినచో చిన్నపని యనుకొనకుడు. తేదీని, స్థలమును, ఎదుటి జట్టును, ప్రతి బాలిక పూర్తి పేరును వ్రాయుడు. ఒక్క బుట్టయు వేయకున్నను బంతి నందించిన పిల్లను మరువకుడు. ఆ పత్రమును బీరువాలో భద్రపరచుడు. ముప్పది యేండ్ల పిమ్మట ఆమె కుమార్తె వచ్చి యడుగవచ్చును.