షట్టర్ ఎందుకు లేవలేదు?

సికింద్రాబాద్ జనరల్ బజార్ పక్క గల్లీలో మా నాన్నకి చిన్న బట్టల దుకాణం ఉంది. దానికి ఉన్నది మోటర్ షట్టర్. నాన్నకి భుజం నొప్పి మొదలయ్యాక, పదకొండేళ్ల క్రితం పాత షట్టర్‌కే సెంటర్ మోటర్ బిగించారు. పొద్దున ఒక బటన్, రాత్రి ఒక బటన్. పనిచేసినన్నాళ్లు దాని గురించి ఎవరం ఆలోచించలేదు.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో ఒకరోజు బటన్ నొక్కితే మోటర్ ‘ఊఁ...’ అని మూలిగింది గానీ షట్టర్ కదల్లేదు. “ఇంజనీరింగ్ చదువుతున్నవ్ గదరా, జర చూడు” అన్నాడు నాన్న. ట్రిపుల్ ఈ థర్డ్ ఇయర్ వాడిని ఆ మాట అంటే ఊరుకుంటానా?

మనందరం చదివిందే. సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటర్ తనంతట తాను మొదలవ్వదు. ఒక్క వైండింగ్‌తో వచ్చే అయస్కాంత క్షేత్రం తిరగదు, ఉన్నచోటే పెరిగి తరుగుతుంది. రెండో వైండింగ్‌కి కెపాసిటర్ పెట్టి, అందులో కరెంట్‌ని కాస్త ముందుకు జరిపితేనే తిరిగే క్షేత్రం వస్తుంది. కెపాసిటర్ బలహీనపడితే మోటర్ మూలుగుతుంది, తిరగదు. అలా మూలుగుతుంటే వెంటనే ఆపేయాలి. లేకపోతే వైండింగ్ కాలిపోతుంది.

మెయిన్ ఆఫ్ చేసి, కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూశాను. మీద 25 మైక్రోఫారడ్ అని ఉంది. మీటర్ 11 చూపించింది. రాణిగంజ్ వెళ్లి కొత్తది తెచ్చి వేశాను. షట్టర్ లేచింది. నాన్న పక్క దుకాణాల వాళ్లందరికీ చెప్పుకున్నాడు. నేనూ హాస్టల్‌కి వచ్చి ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు చెప్పాను.

మూడు వారాల తర్వాత రాత్రి పదింటికి నాన్న ఫోన్. దుకాణం మూసేటప్పుడు లోపల ఏదో మర్చిపోయి, రెండు మూడుసార్లు షట్టర్ ఎత్తి దించాడట. చివరికి సగంలో ఆగిపోయింది, చప్పుడే లేదు. నేను తడుముకోకుండా చెప్పేశాను: “మోటర్ నుంచి ఒక వైరు వేలాడుతుంటది నాన్నా. అది లాగితే బ్రేక్ వదులుతది. చేత్తో దించెయ్.”

నేను చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే. నాన్న వైరు లాగాడు. షట్టర్ ఒక్కసారిగా అడుగున్నర జారింది. అదే టైంలో దుకాణంలో పనిచేసే తమ్ముడు కిందనుంచి వంగి బయటికి వస్తున్నాడు. నాన్న భయపడి వైరు వదిలేయడంతో బ్రేక్ పట్టుకుంది. షట్టర్ ఆ పిల్లాడి తలకి బెత్తెడు పైన ఆగింది. మోటర్ చల్లారి మళ్లీ కదిలేదాకా నాన్న సగం తెరిచిన దుకాణం ముందు కూర్చున్నాడు. ఇదంతా నాకు మర్నాడు అమ్మ చెప్పింది.

ఆదివారం ఒక పాత షట్టర్ మెకానిక్ భాయ్‌ని తీసుకెళ్లాను. “కొత్త మోటర్ ఎంత అయితది భాయ్?” అని అడిగాడు నాన్న. ఆయన జవాబు చెప్పకుండా ముందు మెయిన్ ఆఫ్ చేశాడు. షట్టర్ కిందకి రెండు గట్టి స్టూళ్లు జరిపాడు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, బ్రేక్ వదిలి, షట్టర్‌ని చేత్తో సగం దాకా లేపి మెల్లగా పట్టు సడలించాడు. అది ఆగలేదు, కిందకి దిగిపోయింది. “మోటర్ మంచిగనే ఉంది బాబూ. స్ప్రింగులు పోయినయ్” అన్నాడు.

నేను చూడనిది ఇదే. మా షట్టర్ పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు. ఇనుప పట్టీలన్నీ కలిపి సుమారు 100 కిలోలు. దాన్ని ఎత్తేది మోటర్ అనుకుంటాం గానీ, అసలు బరువు మోసేది పైన పైపు మీద డబ్బాల్లో ఉండే స్ప్రింగులు. షట్టర్ దిగేకొద్దీ వేలాడే బరువు పెరుగుతుంది, స్ప్రింగూ అంతే బిగుస్తుంది. ఎత్తేకొద్దీ బరువు తగ్గుతుంది, స్ప్రింగ్ వదులవుతుంది. ఎక్కడ ఆపినా రెండూ దాదాపు సమానం. అందుకే బాగున్న షట్టర్‌ని చేత్తో సగంలో వదిలినా అక్కడే నిలుస్తుంది. సెంటర్ మోటర్ ఆ మిగిలిన కాస్త తేడా లాగడానికే.

మా నాలుగు స్ప్రింగుల్లో రెండు విరిగిపోయాయి. సగం బరువు మోటర్ మీద పడింది. ఎక్కువ కరెంట్, ఎక్కువ వేడి. వేడికి కెపాసిటర్ ఆయుష్షు తగ్గుతుంది. నేను దాన్ని మార్చి జబ్బు నయమైందనుకున్నాను. వేడి హద్దు దాటితే లోపలి థర్మల్ స్విచ్ కరెంట్ ఆపేస్తుంది. ఆ రాత్రి జరిగింది అదే.

ఇప్పుడు పెద్ద మోటర్ పెట్టినా షట్టర్ లేచేదే. కానీ ఆ బరువంతా ఒక్క బ్రేక్ మీద వేలాడేది. ఇంకోసారి ఎవరైనా వైరు లాగితే?

నాలుగు స్ప్రింగులూ మార్పించాం. మిగిలిన రెండూ అదే వయసువి మరి. ఖర్చు కొత్త మోటర్ ధరలో సగం కూడా కాలేదు. ఒక్కమాట, ఆ పని మాత్రం మీరు చేయకండి. అంత షట్టర్ పూర్తిగా దిగి ఉంటే, స్ప్రింగుల్లో సుమారు 1300 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. 45 కిలోల మనిషి మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితే తగిలేంత దెబ్బ. తెలిసినవాళ్లే విప్పాలి.

మోటర్ ఎప్పుడు మార్చాలి? వైండింగ్ కాలిన వాసన వస్తే, గేర్ పళ్లు అరిగి కటకటమంటే, పార్టులు దొరకకపోతే. షట్టర్ పైనా కిందా సరిగ్గా ఆగకపోతే అది లిమిట్ స్విచ్ సంగతి, ముందు దాన్ని సర్దించండి. ఆగాక కూడా మెల్లగా జారుతుంటే బ్రేక్ అరిగిందని అర్థం. ఆ రోజే వాడటం ఆపేయండి.

రేపు ఎంఎస్‌కి వెళ్లి అక్కడ స్థిరపడేవాళ్లకీ ఇదే పాఠం. అమెరికా ఇళ్లల్లో గ్యారేజ్ తలుపు ఓపెనర్‌దీ ఇదే సూత్రం. బరువు స్ప్రింగ్‌ది, కదలిక మోటర్‌ది. సి.జి. జాన్సన్ పైకి లేచే తలుపుని 1921లో, దానికి కరెంట్ ఓపెనర్‌ని 1926లో తయారుచేశాడు. తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయాక అక్కడ చట్టం వచ్చింది. 1993 నుంచి తయారయ్యే ఇళ్ల ఓపెనర్లకి, అడ్డు ఉంటే పసిగట్టి తలుపుని వెనక్కి తిప్పే ఏర్పాటు తప్పనిసరి. ఎక్కువగా కనిపించేది నేలకి ఆరంగుళాల లోపు ఎదురెదురుగా పెట్టే సెన్సర్ల జత. మధ్యలో ఏదైనా అడ్డొస్తే దిగే తలుపు తిరిగి పైకి పోతుంది.

మా షట్టర్‌కీ అలాంటి సెన్సర్ జత పెట్టించాను. మొదటిరోజు ఆ తమ్ముడే మధ్యలో చెప్పు పెట్టి పరీక్షించాడు. దిగుతున్న షట్టర్ ఆగి పైకి పోయింది. వాడు నవ్వి, “ఇప్పుడు పక్కానా అన్నా?” అన్నాడు.

పక్కా అని వెంటనే అనలేకపోయాను. “నెలకోసారి ఇట్లనే చూడాలిరా” అన్నాను. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున చూసి వాడే నాకు మెసేజ్ పెడతాడు.