అడవుల నిధి - మన వంతు

ధనికరాజ్యముల వాగ్దానములను నమ్ముకొని కూర్చుండుట యెంత నిష్ఫలమో గడచిన పదునైదేండ్ల చరిత్ర చెప్పుచున్నది. శీతోష్ణస్థితి మార్పు నెదుర్కొనుటకు 2020 నాటికి ఏటేట 10,000 కోట్ల డాలర్లు సమకూర్చెదమని 2009లో కోపెన్‌హాగన్ మహాసభయందు ఆ రాజ్యములు మాట యిచ్చినవి. ఆ మాట 2022లో గాని నెఱవేఱలేదని వారి లెక్కలే చెప్పుచున్నవి. అందును పెద్దభాగము ఋణమే. 2024 నవంబరులో బాకూ నగరమున వర్ధమానరాజ్యములు ఏటా 1,30,000 కోట్ల డాలర్లు కోరగా, 2035 నాటికి 30,000 కోట్లని తీర్మానమైనది. మన ప్రతినిధి యా సభయందే దానిని నిరాకరించినారు. ఆ నిరాకరణము న్యాయమే. కాని నిరాకరణముతో పైరు పండదు.

మన యూళ్ల చెరువుల సంగతి పాఠకు లెఱుగుదురు. గట్టు మరమ్మతు సర్కారువారి విధియే యైనను, వానలు ముంచుకొని వచ్చినపుడు ఆయకట్టు రైతులు అర్జీలు వ్రాయుచు కూర్చుండలేదు. ఎవరి వంతు మట్టి వారు మోసి గట్టు నిలుపుకొని, తగవు తరువాత తీర్చుకొనిరి. వర్ధమానరాజ్యములకు నేడు వలసిన నీతి యిదియే.

ఇది కేవలము ఊహ కాదు. 2014లో బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా కలసి నూతనాభివృద్ధి బ్యాంకు నెలకొల్ప నిశ్చయించి, తలకు 1,000 కోట్ల డాలర్ల వంతున సమానముగా మూలధనము వ్రాసియిచ్చినవి. అంతర్జాతీయ ద్రవ్యనిధియందు ముఖ్యనిర్ణయముల నమెరికా యొక్కటే అడ్డగింపగలదు. ఈ బ్యాంకునందు స్థాపకు లైదుగురి మాటకును ఒకే విలువ. 2016లో మొదటి ఋణములలో ఒకటి మన కెనరా బ్యాంకు ద్వారా సూర్యశక్తి, వాయుశక్తి వంటి పనులకు వచ్చినది. 2022 నుండి 2026 వఱకు తన ఋణములలో నూటికి 40 వంతులు శీతోష్ణస్థితి సంబంధమైన పనులకే ఇయ్యవలెనని యా బ్యాంకు నియమము చేసికొన్నది.

ఇపుడు అడవుల వంతు వచ్చినది. 2025 నవంబరులో బ్రెజిల్ దేశము బెలేం నగరమున ఉష్ణమండలపు అడవులకై శాశ్వతనిధి నొకదానిని ప్రారంభించినది. ప్రభుత్వములనుండి 2,500 కోట్లు, మదుపరులనుండి 10,000 కోట్ల డాలర్లు కూర్చవలెనని సంకల్పము. అసలు ఖర్చు కాదు. దానిని మదుపుపెట్టి, మదుపరులకు వడ్డీ యీయగా మిగిలిన ఆదాయమునుండి, నిలిచియున్న అడవికి హెక్టారునకు, అనగా రెండున్నర ఎకరములకు, ఏటా సుమారు 4 డాలర్లు ఆ దేశమునకు చెల్లింతురు. అందు అయిదవ వంతైనను అడవులలోని ఆదివాసులకును, స్థానికజనులకును చేరవలెను. బ్రెజిల్, ఇండోనీషియా చెఱి 100 కోట్ల డాలర్లు వాగ్దానము చేసినవి. మన దేశము పరిశీలకస్థానమున చేరినది.

స్వదేశమున దారిద్ర్య ముండగా పరదేశపు అడవులకు ధనమేల యని కొందఱందురు. ఇండోనీషియాలో దారిద్ర్యము లేదా? ఇది దానము కాదు, మదుపు. పైగా ఉష్ణమండలపు అడవులు మనకును గలవు. మన డెల్టా కాలువలలో పాఱు కృష్ణానీరు పడమటికనుమలలో పుట్టినది. కొండమీది అడవి కూలినచో పల్లపు మాగాణి యెంతకాలము నిలుచును?

అయినను కన్నులు మూసికొని చేరుమని మేము చెప్పము. బజారు పడిపోయినచో మదుపరుల వడ్డీ ముందు, అడవుల వాటా వెనుక యను ఏర్పాటులోని అపాయమును ముందే విచారింపవలెను. జమాఖర్చులు బహిరంగముగ నుండవలెను. మన కేమైన లభించినచో నల్లమలలోని చెంచువాని గూడెమునకు అతని భాగము చేరినదో లేదో అడుగు హక్కు ప్రజలకుండవలెను. ధనికరాజ్యముల బాకీని ఈ నిధి రద్దుచేసినదని యెవ్వరును వాదింపకుండ స్పష్టముగ వ్రాయించుకొనవలెను.

ఈ షరతులను గట్టుమీద నిలిచి చూచువాడు విధింపలేడు. మట్టితట్ట నెత్తినవాని మాటయే చెల్లును. పరిశీలకస్థానము మొదటిమెట్టు కావచ్చును. అదియే కడపటిమెట్టు కారాదు. మనవారు తమ వంతు నిర్ణయించి, పార్లమెంటు ముందుంచి, ధైర్యముగ ముందునకు రావలెను.