అడగని క్షమాపణ

1953లో రాయగడ నుంచి ప్రధాని నెహ్రూకు ఒక ఫిర్యాదు వెళ్లింది. పంపినవారు ఆ ప్రాంతపు భూస్వాములు, వడ్డీ వ్యాపారులు. అక్కడికి స్పెషల్ అసిస్టెంట్ ఏజెంటుగా వచ్చిన అధికారికి కొండవాళ్లంటేనే ప్రాణమనీ, తానూ కొండవాడిలాగే నడుచుకుంటున్నాడనీ, వాళ్ల ముందు మిగతావాళ్లను లెక్కచేయడం లేదనీ అందులో మొరపెట్టుకున్నారు. ఆ అధికారి ఒడియా నవలాకారుడు గోపీనాథ్ మహంతి. అప్పటికే ఆయన ‘పరజా’, ‘అమృతర సంతాన’ నవలలు రాసేశాడు. ఫిర్యాదుకు ఆ పుస్తకాలే కారణమని అనలేం. కానీ వాటిని చదివితే ఆ కోపం ఎక్కడ పుట్టిందో ఇట్టే తెలుస్తుంది.

ఈ రెండూ కుటుంబ కథలే. కుటుంబ నవల అనగానే మనకు అలవాటైన ముగింపు ఒకటి ఉంది. తప్పు చేసినవాడు చివరి అధ్యాయంలో కన్నీళ్లు పెట్టుకుంటాడు, నష్టపోయినవాళ్లు ‘పోనీలే’ అంటారు, ఇల్లు మళ్లీ ఒక్కటవుతుంది. మహంతి అంత తేలికగా ఎవరినీ వదిలిపెట్టడు.

1945లో వచ్చిన ‘పరజా’లో సుక్రు జాని భార్యను పులి ఎత్తుకుపోయింది. అయినా ఆయన కుంగిపోలేదు. ఇద్దరు కొడుకులు మాండియా, టిక్రా, ఇద్దరు కూతుళ్లు జిలి, బిలి. కొడుకులకు పెళ్లిళ్లు చేయాలి, మనవలను చూసుకోవాలి, అదే ఆయన ఆశ. ఇంతలో అటవీ గార్డు కన్ను జిలి మీద పడింది. ఆ ఇంట్లో అతని మాట చెల్లలేదు. ఆ కక్షతో, అడవిలో చెట్లు నరికాడంటూ సుక్రు జాని మీద కేసు పెట్టించాడు. జరిమానా కట్టడానికి డబ్బు లేదు. షావుకారు దగ్గర అప్పు తెచ్చి, అది తీర్చడానికి తండ్రీ చిన్నకొడుకూ అతని ఇంట్లో ‘గోతి’లుగా, అంటే వెట్టి మనుషులుగా చేరారు. కొన్నాళ్లకు మాండియాకూ అదే గతి పట్టింది. ఆడపిల్లలు రోడ్డు పనికి వెళ్లారు. చివరికి జిలి షావుకారు ఇల్లు చేరింది. భూమి అతని గుప్పిట్లోకి పోయింది.

ఆ పిల్లలు తలచుకుంటే తండ్రిని నిందించవచ్చు. అప్పు తెచ్చింది ఆయనే కదా! అయినా చివరి ఘట్టంలో కొడుకులు ఆయన పక్కనే నిలబడతారు. ఆ ఇంట్లో క్షమ మాటల్లో కనిపించదు, ఆ నిలబడటంలోనే ఉంది. భూమి తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్తే షావుకారు అవమానించాడు. గొడ్డలి లేచింది. తర్వాత వాళ్లు పారిపోలేదు, తామే పోలీసు స్టేషనుకు నడిచి వెళ్లారు. హత్యను సమర్థించలేను. కానీ భూమి ఇవ్వకుండా, తప్పు ఒప్పుకోకుండా కూర్చున్నవాణ్ని క్షమించాల్సిందని సుక్రు జానికి చెప్పే నోరు కూడా నాకు లేదు.

‘అమృతర సంతాన’ కోందు గిరిజనుల కథ. ఊరి పెద్ద సరబు సావొంతా చనిపోతాడు. పోయిన పెద్దాయన మనవడై మళ్లీ పుడతాడన్న నమ్మకం ఆ ఇంటిని నిలబెడుతుంది. చావు తెచ్చిన నష్టానికి కొండల్లో ఒక ఓదార్పు ఉంది. మనిషి చేసిన నష్టానికే మందు లేదు. కొడుకు దివుడు పెద్దరికం అందుకుని, పియోటి అనే యువతి మోజులో పడి భార్య పుయును దూరం చేస్తాడు. ఆమె బిడ్డ హాకినాను ఎత్తుకుని ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. క్షమించిందా? లేదు. పగ పట్టిందా? అదీ లేదు. ఆ నడకను మించిన జవాబు నాకు మరే కుటుంబ నవలలోనూ కనిపించలేదు.

ఈ నవలలు వచ్చిన రోజుల్లోనే, 1946–47లో, మన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ రాశాడు. తల్లి మీద లోకం వేసిన నిందను మోస్తూ దయానిధి తన మనసుతో తానే పోరాడతాడు. గొప్ప నవల, సందేహం లేదు. అయితే దయానిధికి ఆలోచించుకునే తీరిక ఉంది. సుక్రు జానికి తెల్లవారితే షావుకారు పొలం ఉంది.

1955లో ఒడియాకు తొలి సాహిత్య అకాడమీ అవార్డు ‘అమృతర సంతాన’కే దక్కింది. దాన్ని ‘అమృత సంతానం’గా తెలుగు చేసిన పురిపండా అప్పలస్వామి ఈ కథల నేల అయిన కొరాపుట్ కొండలకు దిగువన ఉన్న సాలూరులో పుట్టినవాడు. షెడ్యూల్డు ప్రాంతాల్లో సుక్రు జాని లాంటి గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఒడిశా రెగ్యులేషన్ వచ్చింది 1956లో, ‘పరజా’ వచ్చిన పదకొండేళ్లకు.

1962లో వచ్చిన కాగితం మిల్లుతో ఎదిగిన, రాయగడ దగ్గరి జేకేపూర్‌లో తెలుగు కుటుంబాలకు కోందులు ఎదురుపడేది ఎక్కువగా సంతలోనే. చింతపండు బేరంతో ఆ పరిచయం ఆగిపోకూడదు. ‘అమృత సంతానం’ ఆ ఇళ్లలో ఉండి తీరాల్సిన పుస్తకం. పుయు తిరిగి వస్తే బాగుండునని మనసు కొట్టుకునేవారు, దివుడు నిజంగా ఎప్పుడు తప్పు ఒప్పుకున్నాడో పేజీలు వెనక్కి తిప్పి వెతకాలి.