ఆంగ్లభాషాభ్యాసము

నేను ఎనిమిదవ తరగతిలో నుండగా మా పాఠశాలను తనిఖీ చేయుటకు ఒక అధికారి వచ్చెను. ఆయన నన్ను లేపి, "ఈ పాఠశాలలో ఎంతకాలమునుండి చదువుచున్నావు?" అని ఆంగ్లమున నడిగెను. క్రియాకాలములు పండ్రెండింటిని తడబడక అప్పగింపగలవాడను గనుక, "ఐ యామ్ ఇన్ దిస్ స్కూల్ సిన్స్ త్రీ ఇయర్స్" అని వెంటనే బదులు చెప్పితిని. ఆయన చిరునవ్వు నవ్వి, "ఐ హావ్ బీన్ ఇన్ దిస్ స్కూల్ ఫర్ త్రీ ఇయర్స్ అనవలెను, నాయనా" అని దిద్దెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. ఆ సిగ్గుచే సంవత్సరమంతయు నేను ఆంగ్లమున నోరు మెదపనైతిని. ఒక్క తప్పునకు వెఱచి ఒక యేటి అభ్యాసమును పోగొట్టుకొంటిని. అట్టి నష్టము మీకు కలుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా తప్పునకు కారణమేమి? సూత్రములు తెలియకపోలేదు. కాని నేను తెలుగున ఆలోచించి, దానిపై ఆంగ్లపదములను పేర్చితిని. "మూడేండ్లనుండి ఉన్నాను" అనునపుడు మనము వర్తమానక్రియనే వాడుదుము. ఆంగ్లేయులట్లు వాడరు. వెనుకటి కాలమున మొదలై నేటివరకు సాగుచున్న స్థితిని వారు "హావ్ బీన్" అను రూపముతో తెలుపుదురు. మఱియు మనకు "నుండి" అనునది ఒక్కటే. వారికి రెండు మాటలు కలవు. మొదలైన సమయమును చెప్పునపుడు "సిన్స్" అనియు, గడచిన కాలపు కొలతను చెప్పునపుడు "ఫర్" అనియు అందురు. సోమవారమునుండి అనుటకు "సిన్స్ మండే". మూడు దినములనుండి అనుటకు "ఫర్ త్రీ డేస్". అయితే గడచిపోయిన సమయమును పేర్కొన్నచో "హావ్" పొసగదు. "ఐ సా హిమ్ యెస్టర్డే" అనవలెనేగాని "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే" అనరాదు.

ఈ భేదమును గ్రహించుటకు కొద్ది నిమిషములు చాలును. నాలుకకు అలవడుటకు మాత్రము పలుమారు పలుకవలెను. అందుచే మీ జీవితమునుండియే వాక్యములు కల్పింపుడు. మీరీ యూరిలో ఎన్నాళ్లనుండి ఉన్నారు? మీ మిత్రుని ఎప్పటినుండి ఎఱుగుదురు? మీ ఇంటి ఆవు ఎన్ని నెలలనుండి పాలిచ్చుచున్నది? ఇట్టి ప్రశ్నలకు పది జవాబులు వ్రాసి, పైకి చదువుడు.

పదములను ఒంటరిగా నేర్వరాదు. తెలుగున వాన వెలియును, దీపము కొండెక్కును, జ్వరము విడుచును. "జ్వరము వెలిసినది" అన్నచో వినువారు నవ్వుదురు. ప్రతి పదమునకును తన జతగాడు కలడు. ఆంగ్లమునను అట్లే. తప్పు చేయుట, ఇంటిపని చేయుట, స్నానము చేయుట అని మనము ఒక్క "చేయు" ధాతువుతో సరిపెట్టుకొందుము. వారు "మేక్ ఎ మిస్టేక్", "డూ హోమ్‌వర్క్", "టేక్ ఎ బాత్" అని మూడు క్రియలు వాడుదురు. కావున మీ పుస్తకమున పదమునొక్కదానినే కాక, అది యున్న చిన్న వాక్యమును గూడ వ్రాసికొనుడు.

ఇంగ్లండు దేశమున మొదటి ఎలిజబెత్తు రాణి కాకమునుపు ఆమెకు చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ అను పండితుడు లాటిను నేర్చుటకు ఒక చక్కని మార్గమును చూపెను. అది ఆయన మరణానంతరము 1570లో వెలువడిన "ది స్కూల్ మాస్టర్" అను గ్రంథమున కలదు. దానిని మనము ఆంగ్లమునకు అన్వయించుకొనవచ్చును. మీ పాఠములోని ఐదు వాక్యములను తెలుగున వ్రాయుడు. పుస్తకము మూసి, కొంతసేపైన పిమ్మట ఆ తెలుగును తిరిగి ఆంగ్లమున వ్రాయుడు. ఆపై మూలముతో సరిచూచుకొనుడు. ఎచ్చట తేడా కలదో అచ్చటనే మీరు నేర్వవలసినది కలదు. మిమ్ము పరిహసించువారు లేకయే మీ తప్పు మీకు తెలియును.

నేర్చినదానిని మరల మరల చూడవలెను. జర్మను శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ తనపైననే పరీక్షలు జరుపుకొని, నేర్చినది మొదట వడిగాను, పిదప మెల్లగాను మఱపునకు వచ్చునని 1885లో ప్రకటించెను. కావున నేడు నేర్చిన పదమును రేపొకసారి, వారమునకొకసారి, నెలకొకసారి చూచినచో అది నిలుచును. ఒక్కరాత్రి నూఱు పదములు వల్లించుటకంటె దినమునకు ఐదు పదములు మేలు.

తుదకొక్క మాట. తోటి విద్యార్థి తప్పు పలికినపుడు నవ్వకుడు, మెల్లగా సరిదిద్దుడు. మీకు క్షణకాలపు వినోదమైన ఆ నవ్వు అతనికి ఒక సంవత్సరపు మౌనము కావచ్చును. మీరు తప్పు పలికినపుడు ఇతరులు నవ్వినను నోరు మూసికొనకుడు. దిద్దిన వాక్యమును వెంటనే మరల పలుకుడు. నేను ఆనాడు చేయవలసియుండి చేయనిది అదియే.