ముగియని అభ్యర్థన

పరీక్షా ఫలితాలు వెలువడే రోజున ఇంటిల్లిపాదీ కంప్యూటరు ముందు గుమిగూడతారు. హాల్ టికెట్ నంబరు టైపు చేసి ఎదురుచూస్తారు. పేజీ తెరుచుకోదు. తెరపై చిన్న వలయం ఒకటి తిరుగుతూనే ఉంటుంది. “లక్షల మంది ఒకేసారి చూస్తున్నారు, కాస్త ఓపిక పట్టండి” అని పెద్దబ్బాయి సర్దిచెబుతాడు. చాలా సందర్భాలలో అతడు చెప్పేది నిజమే. అయితే అవతల జనసమ్మర్దమేమీ లేకపోయినా, ఒకే ఒక్క మనిషి ఒక మామూలు కంప్యూటరుతో, వేలాది మంది కోసం తెరిచి ఉంచిన తలుపును మూసివేయగలడని 2009 జూన్‌లో అందరికీ తెలిసివచ్చింది.

ఆ నెల 17న రాబర్ట్ హాన్సెన్ అనే భద్రతా నిపుణుడు ఒక చిన్న ప్రోగ్రామును బహిరంగపరచాడు. దానికి ఆయన పెట్టిన పేరు స్లోలోరిస్. చెట్లపై అడుగులో అడుగు వేస్తూ కదిలే ఒక నిశాచర జంతువు పేరు అది. మన శేషాచలం అడవులలో కనిపించే దేవాంగపిల్లి దానికి దగ్గరి బంధువే. పేరుకు తగినట్లుగానే ఈ దాడిలో వేగం లేదు, బలప్రదర్శన లేదు. ఉన్నదల్లా నింపాదితనమే.

ఇది పనిచేసే తీరు తెలియాలంటే, మనం ఒక వెబ్‌సైటును తెరిచినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. మన ఫోను ఆ వెబ్‌సైటును నడిపే సర్వరుకు ఒక అభ్యర్థన పంపుతుంది. అది కొన్ని పంక్తుల చిన్న ఉత్తరం వంటిది: ఏ పేజీ కావాలి, ఏ భాషలో కావాలి, అడుగుతున్నది ఏ బ్రౌజరు మొదలైన వివరాలు అందులో ఉంటాయి. వివరాలన్నీ అయిపోయాయని తెలపడానికి చివర ఒక ఖాళీ పంక్తి ఉంటుంది. ఆ ఖాళీ పంక్తి అందిన తర్వాతే సర్వరు జవాబుకు పూనుకుంటుంది. స్లోలోరిస్ ఆ ఖాళీ పంక్తిని ఎన్నటికీ పంపదు. ఉత్తరం మొదలుపెడుతుంది, రెండు మూడు పంక్తులు రాస్తుంది, ఆగిపోతుంది. సర్వరు విసిగి తలుపు వేయబోయే లోపు అర్థంలేని మరో పంక్తి పంపుతుంది. మళ్లీ మౌనం వహిస్తుంది. ఇలాంటి ఉత్తరాలను వందల సంఖ్యలో ఒకేసారి మొదలుపెడుతుంది.

వలీమా దావత్‌ను ఊహించుకోండి. దస్తర్‌ఖాన్ పరిచారు. మొదటి బంతిలో రెండు వందల యాభై ఆరుగురికి చోటుంది. కూర్చున్న వారందరూ ఒక ముద్ద చేతిలోకి తీసుకొని, నోట పెట్టుకోకుండా అలాగే కూర్చున్నారు. గృహస్థు ఏం చేయగలడు? అతిథిని లెమ్మనడం మర్యాద కాదు. వంటశాలలో బిర్యానీ దేగ్‌లు నిండుగా ఉన్నాయి, వడ్డించేవారు సిద్ధంగా ఉన్నారు. గుమ్మం దగ్గర మాత్రం ఆకలితో వచ్చిన అసలు బంధువులు నిలబడే ఉన్నారు.

ఈ 256 అన్న సంఖ్యను ఉపమానం కోసం కల్పించలేదు. ఆనాడు ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న సర్వరు సాఫ్ట్‌వేర్ అపాచీ. దాని సాధారణ అమరికలో ఒకేసారి 256 మందికే చోటు. ఒక్కో సందర్శకుడి కోసం ఒక్కో పనివాణ్ణి కేటాయించడం దాని పద్ధతి. అవతలివారు మౌనంగా ఉంటే 300 సెకన్ల వరకు ఎదురుచూసేది. కొత్త మాట ఏదైనా చేరితే లెక్క మళ్లీ మొదటికి వచ్చేది. ఆ 256 చోట్లనూ అసంపూర్ణ ఉత్తరాలతో నింపడానికి పెద్ద ఇంటర్నెట్ వసతి కూడా అక్కరలేదు.

నిర్వాహకులను అయోమయంలో పడవేసిన సంగతి మరొకటి ఉంది. అభ్యర్థన పూర్తయితేనే అపాచీ దానిని తన చిట్టాలో నమోదు చేస్తుంది. ఇక్కడ ఏ అభ్యర్థనా పూర్తి కాదు కనుక దాడి జరుగుతున్నంత సేపూ చిట్టా ఖాళీగా ఉండేది. యంత్రంపై భారం కూడా పెరిగేది కాదు. వెబ్‌సైటు చూస్తే మూతపడి ఉంది, సర్వరు చూస్తే తీరికగా ఉంది! దాడి ఆగిన మరుక్షణమే అన్నీ యథాస్థితికి వచ్చేవి.

అదే జూన్ 12న ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. అహ్మదీనెజాద్ గెలిచినట్లు ప్రకటించగానే మీర్ హుస్సేన్ మూసవీ మద్దతుదారులు వీధుల్లోకి వచ్చారు. నిరసనకారుల పక్షాన కొందరు ప్రభుత్వ వెబ్‌సైట్లపై ఈ ప్రోగ్రామును ప్రయోగించారు. దీనినే ఎంచుకోవడానికి కారణం ఉంది. వరదలా సమాచారాన్ని కుమ్మరించే దాడులు చేస్తే దేశపు ఇంటర్నెట్ మార్గాలే స్తంభించి, నిరసనకారుల గొంతు కూడా మూగబోతుందని వారు భావించారు. స్లోలోరిస్ తాను తాకిన సర్వరును తప్ప చుట్టుపక్కల దేనినీ కదిలించదు. కారణం ఎంత బలమైనదిగా తోచినా, ఆ సర్వరు వద్దకు పనిమీద వచ్చిన సామాన్యుడికి మాత్రం తలుపు మూసే ఉంటుంది. ఈ విషయం గురించి ఆనాడు ఆలోచించినవారు ఎందరో!

ఇటువంటి బలహీనత గురించి 2007లోనే నిపుణుల మధ్య ప్రస్తావన వచ్చింది. అయినా సర్వరు నియమం ప్రకారమే నడుచుకుంటున్నది కదా, ఇందులో తప్పు ఎక్కడున్నది? ఇక్కడే అసలు చిక్కు. సర్వరు ఓర్పు వృథాగా పెట్టినది కాదు. సిగ్నలు సరిగా అందని పల్లెలో, పాత ఫోనుతో పింఛను దరఖాస్తు నింపుతున్న వృద్ధుడి అభ్యర్థన కూడా ముక్కలు ముక్కలుగానే చేరుతుంది. సర్వరుకు అతడూ, ఆ దాడి చేసేవాడూ ఒకే తీరుగా కనిపిస్తారు. ఒకే చిరునామా నుండి వచ్చే అభ్యర్థనలకు పరిమితి విధిద్దామంటే, ఒకే కనెక్షన్‌ను పంచుకునే హాస్టలు విద్యార్థులందరూ నష్టపోతారు.

ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజినీరు 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ సర్వరు వేరే దారి పట్టింది. అందులో ఒక్కొక్కరికి ఒక్కో పనివాడు ఉండడు. ఒకే పనివాడు వేల మందిని గమనిస్తూ, ఎవరి మాట అందితే వారి పని చూస్తాడు. కనుక మౌనంగా కూర్చున్నవారి వల్ల ఇతరులకు అడ్డంకి చాలా తక్కువ.

అపాచీ రూపకర్తలు 2010లో ఒక కొత్త భాగాన్ని జతచేశారు. దాని ప్రస్తుత అమరిక ప్రకారం, అభ్యర్థనలోని వివరాలు ముగించడానికి మొదట 20 సెకన్ల గడువు ఉంటుంది. ఆ లోపు నిజంగా సమాచారం చేరుతూ ఉంటే ప్రతి 500 బైట్లకు ఒక సెకను చొప్పున గడువు పెరుగుతుంది. ఎంత పెరిగినా 40 సెకన్లు దాటదు. వృద్ధుడి పాత ఫోనుకు సాధారణంగా ఆ వ్యవధి చాలు. పంక్తి పంపి మౌనం వహించేవాడికి మాత్రం అది చాలదు.