నక్షత్రవీథులను తూర్పారబట్టు గాలి

కళ్ళములో చేట ఎత్తి ధాన్యము జారవిడిచినపుడు గింజలు కాళ్ళదగ్గర రాలును. తాలు గాలివాటున దూరముగా పోవును. కన్యారాశి దిక్కున, మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్న నక్షత్రవీథుల గుంపులో ఇట్టి పనియే జరుగుచున్నది. అక్కడ గింజలు నక్షత్రములు. ఎగిరిపోవునది ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు.

ఈ గుంపులో వేయికిపైగా నక్షత్రవీథులున్నవి. వాని నడుమనున్న చోటు ఉత్త శూన్యము కాదు. కోట్ల డిగ్రీల వేడిగల పలుచని వాయువు అంతట వ్యాపించి, ఎక్స్-కిరణములను వెలువరించుచున్నది. గాలి కదలని దినమునకూడ సైకిలు త్రొక్కువాని ముఖమునకు గాలి కొట్టును గదా! ఈ వాయువులో దూసుకొనిపోవు నక్షత్రవీథికిని అట్లే ఎదురుగాలి తగులును.

ఇక్కడ ఒక సందేహము కలుగుట సహజము. ఈ వాయువులో ఘనమీటరునకు ఇంచుమించు వేయి కణములే ఉండును. ప్రయోగశాలలలో యంత్రములతో కల్పించు శూన్యముకూడ ఇంతకంటె చిక్కనిదే. ఇంత పలుచని గాలి ఒక నక్షత్రవీథిని ఎట్లు దోచుకొనగలదు?

1972లో జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని లెక్కకట్టి చూపిరి. ఎదురుగాలి ఒత్తిడి, ఆ గాలి సాంద్రతను వేగముయొక్క వర్గముతో గుణించిన లబ్ధమునుబట్టి ఉండును. సైకిలు వేగము సెకనుకు 5 మీటర్లనుకొందము. ఈ గుంపులో నక్షత్రవీథులు సెకనుకు 1,000 కిలోమీటర్ల వేగముతో కూడ పోవుచుండును. అనగా రెండు లక్షల రెట్లు; దాని వర్గము నాలుగువేల కోట్లు! ఇంత హెచ్చించినను వచ్చు ఒత్తిడి మిక్కిలి స్వల్పమే. విద్యార్థులు తామే గుణించి చూచుకొనవచ్చును. కాని నక్షత్రవీథి అంచులలోని వాయువును పట్టియుంచు ఆకర్షణకూడ అంతే దుర్బలము. పోటీ ఇద్దరు బలహీనుల మధ్యనే. పైగా ఈ గాలి కోట్ల సంవత్సరములపాటు ఆగక వీచును.

నక్షత్రములు మాత్రము చెక్కుచెదరవు. వాని బరువు అపారము, గాలికి అడ్డుపడు వైశాల్యము దానితో పోల్చిన అత్యల్పము.

దక్షిణాకాశమున సుమారు 22 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్న నార్మా గుంపులో ఈఎస్ఓ 137-001 అను నక్షత్రవీథి కలదు. దాని వెనుక సాగిన వాయువు తోక పొడవు 2.6 లక్షల కాంతి సంవత్సరములు. ఆ తోకలో క్రొత్త నక్షత్రములుకూడ పుట్టుచున్నవి. పోచలు వ్రేలాడు రూపమునుబట్టి ఇట్టివానిని జెల్లీచేపలని పిలుచుచున్నారు.

ఎగిరిపోవునది నిజమునకు తాలు కాదు, విత్తనము. నక్షత్రములు పుట్టుటకు ఉదజనియే ముడిసరకు. అది పోయినచోట నీలముగా వెలుగు పెద్ద నక్షత్రములు కొద్ది కోట్ల సంవత్సరములలో ఆరిపోవును. వాని స్థానములో క్రొత్తవి రావు. చిరకాలము బ్రతుకు ఎఱ్ఱని చిన్న నక్షత్రములే మిగులును. కన్యారాశి గుంపులోని ఎన్.జి.సి. 4522ను రేడియో దూరదర్శినులతో పరిశీలించినపుడు అంచులలో నక్షత్రములు యథాస్థానమున నుండగా, ఉదజని మాత్రము కానరాలేదు. కొంత ఒక ప్రక్కకు నెట్టబడియున్నది. ఆకర్షణ బలముగానున్న నడిమిభాగములో వాయువు ఇంకను నిలిచియున్నది. అక్కడ నక్షత్రముల పుట్టుక సాగుచునే యున్నది.