పీటర్ క్విన్స్ - ఒక వడ్రంగి కట్టిన నాటకం

వార్షికోత్సవం నాటకం అనగానే హీరో వేషం ఎవరిది అని కొట్టుకుంటాం గానీ, రాసినవాడెవడని అడగం. అందుకని ఈసారి ఒక రచయిత గురించి రాస్తున్నాను. ఇతను నిజం మనిషి కాడు. షేక్‌స్పియర్ 1595-96 ప్రాంతంలో రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' అనే హాస్య నాటకంలో పాత్ర. పేరు పీటర్ క్విన్స్. ఏథెన్స్‌లో వడ్రంగి.

ప్రభువు థీసియస్ పెళ్ళిరాత్రి ఆడాలని క్విన్స్ ఒక నాటకం కడతాడు. పిరమస్, థిస్బే అనే ప్రేమికుల విషాద కథ. నటులంతా చేతిపనివాళ్ళే. ఊళ్ళో అయితే గుట్టు బయటపడుతుందని రాత్రిపూట అడవిలో రిహార్సల్.

పాపం క్విన్స్ పాట్లు చూడండి. నేతగాడు బాటమ్‌కి హీరో, హీరోయిన్, సింహం అన్నీ తనకే కావాలి. పిరమస్ అందగాడు, నువ్వు తప్ప ఎవరు వేస్తారు అని క్విన్స్ ఉబ్బేసి ఒప్పిస్తాడు. కొలిమితిత్తులు బాగుచేసే ఫ్లూట్‌కి ఆడవేషం ఇస్తే, గడ్డం వస్తోందని గునుస్తాడు. (అప్పట్లో ఇంగ్లండులో ఆడవేషాలు మగపిల్లలే వేసేవారు. మనకి స్థానం నరసింహారావుగారు లేరూ!) సింహం వేసే స్నగ్‌కి కంఠస్థం రాదు, పాఠం ముందే ఇమ్మంటాడు. నీకు గర్జించడమే పాఠం అంటాడు క్విన్స్. గోడ వేషం కూడా ఒకడిదే, వేళ్ళ సందే గోడలో కన్నం!

అసలు తమాషా ఏమిటంటే, నాటకం మొదట్లో క్విన్స్ తనే వచ్చి సభకి నమస్కారం చెప్పి, చుక్కలన్నీ తప్పుచోట పెట్టి చదువుతాడు. మన భాషలో చెప్పాలంటే, "మేం వచ్చింది విసిగించడానికి కాదు, మెప్పించడానికి" అనాల్సింది, "మేం వచ్చింది విసిగించడానికి. కాదు మెప్పించడానికి" అన్నట్టు. తెలుగు మాస్టారు కామా, ఫుల్‌స్టాప్ అని ఎందుకు అరుస్తారో నాకు ఇక్కడే తెలిసింది.

దొరలు పగలబడి నవ్వుతారు. అంతకుముందే వినోదాల అధికారి ఫిలోస్ట్రేట్, వీళ్ళు బుర్రకి పనిపెట్టడం ఇదే మొదలు, ఇది మీరు చూడదగ్గది కాదని ప్రభువుకి చెప్తాడు. అయినా థీసియస్ అదే కావాలంటాడు. నాకు మాత్రం ఆ నవ్విన దొరలు నచ్చలేదు. క్విన్స్ కథ ఎంచాడు, వేషాలు పంచాడు, అలిగినవాళ్ళని బుజ్జగించాడు, తనూ వేదిక ఎక్కాడు. వాళ్ళు కూచుని మాటలు విసిరారు, అంతే.

మన జిల్లాల్లోనూ నాటకం ఇలాంటి కొత్తవాళ్ళ చేతుల్లోనే పెరిగింది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు షేక్‌స్పియర్‌దే ఇంకో హాస్య నాటకాన్ని 'చమత్కార రత్నావళి'గా మార్చి తన విద్యార్థులతో ఆడించారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడిన రేలంగి, ఎస్.వి.రంగారావు తర్వాత సినిమాల్లో ఎంత పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలుసు.

క్విన్స్ బృందం చివర్లో ముగింపు మాటలు చెప్తామంటే ప్రభువు అవి వద్దు, డాన్సు చెయ్యండి చాలన్నాడు. వాళ్ళు చేశారు.